రాతలో పునరుక్తి తీసేయడం ఎలా? అయిదు విడతల దిద్దుబాటు, దానికి కావాల్సినంత వ్యాకరణం

"వాక్యం సాగుతోంది, ఎక్కడ కోయాలో తెలియడం లేదు" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అర్జీ రాసేవాళ్ళు, అపార్ట్‌మెంటు నోటీసు రాసే కార్యదర్శులు, పోటీ పరీక్షకు వ్యాసం సాధన చేసే పిల్లలు, కొత్త విలేకరులు, అందరిదీ ఇదే ప్రశ్న.

"క్లుప్తంగా రాయండి" అన్న సలహా వాళ్ళకు అక్కరకు రాదు. ఏది అదనమో ముందు కనిపించాలి కదా. తెలుగులో అది కనిపించాలంటే మాట లోపలికి చూడాలి. పని చేసింది ఎవరో క్రియ చివరే చెబుతుంది. 'లో', 'కి', 'తో' మాటకే అతుక్కుంటాయి. 'కూడా' అన్న అర్థం ఒక్క దీర్ఘంలో ఇమిడిపోతుంది. లోపల ఉన్నదాన్ని గమనించకపోతే అదే అర్థాన్ని బయట ఇంకో మాటతో మళ్ళీ చెబుతాం. పునరుక్తి ఎక్కువగా పుట్టేది అక్కడే. అందుకే వ్యాకరణాన్ని విడి పాఠంగా పెట్టకుండా, ఏ దిద్దుబాటుకు ఏ సూత్రం కావాలో దాన్ని అక్కడే చెప్పాను.

సాధనకు ఈ నోటీసు తీసుకుందాం. కూర్చింది నేనే, కానీ ఇందులోని తప్పులన్నీ గోడల మీదా కరపత్రాల్లోనూ చూసినవే.

"గ్రామ ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, గత మూడు నెలలుగా మూతబడి ఉన్నటువంటి మన గ్రంథాలయం యొక్క భవనానికి మరమ్మతులు చేయడం జరిగింది. కావున రాబోయే సోమవారం రోజున ఉదయం 10 ఏ.ఎం. గంటలకు గ్రంథాలయాన్ని తిరిగి పునఃప్రారంభం చేయబడుతుంది. ప్రతి ఒక్కరూ అందరూ సకుటుంబ సమేతంగా విచ్చేయవలసిందిగా సవినయపూర్వకంగా కోరడం జరుగుతుంది. గ్రంథాలయంలో సుమారు రెండు వేల పుస్తకాల వరకు కలవు. సభ్యత్వ రుసుము కేవలం రూ. 50 రూపాయలు మాత్రమే."

1. దిద్దే ముందు

రాసిన వెంటనే దిద్దకండి. మనసులో ఉన్న వాక్యమే అప్పుడు కాగితం మీదా కనిపిస్తుంది. ఒక రాత్రి పక్కన పెట్టండి. అంత వ్యవధి లేకపోతే అక్షరాల సైజు మార్చండి, లేదా ప్రింటు తీసుకుని చూడండి.

దగ్గర ఉండాల్సినవి:

- అసలు ప్రతికి ఒక నకలు. గీతలన్నీ దాని మీదే.
- రెండు రంగుల పెన్నులు. ఒకటి కొట్టేయడానికి, రెండోది అనుమానం ఉన్నచోట గీత గీయడానికి.
- ఒక నిఘంటువు. శబ్దరత్నాకరం ఇంట్లో ఉంటే మంచిదే. లేకపోతే ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటుశోధనలో చాలా నిఘంటువులు ఒక్కచోటే వెతకొచ్చు. సంస్కృత సమాసాలు విడదీసేటప్పుడు ఇది లేకుండా కుదరదు.
- ఒక చీటీ. చదివేది ఎవరు, చదివాక ఏం చేయాలి అన్నది దాని మీద ఒక్క వాక్యంలో రాసుకోండి.

మన నోటీసుకు చీటీ ఇది: "ఊరివాళ్ళు సోమవారం పదింటికి గ్రంథాలయానికి రావాలి, యాభై రూపాయలు కడితే సభ్యులు కావచ్చు." దిద్దుతున్నంతసేపూ ఇది కళ్ళెదుట ఉండాలి. ఒక మాట ఉంచాలా, తీయాలా అన్న తగువు వస్తే తీర్పు చెప్పేది ఈ చీటీయే.

వరుస కూడా ముఖ్యమే. ముందు పేరా, తర్వాత క్రియ, తర్వాత కర్త, ఆ తర్వాతే విడి మాటలు. చాలామంది విడి మాటలతో మొదలుపెడతారు. అరగంట సానబెట్టిన వాక్యం, తీరా పేరా మొత్తం చదివితే అసలు అక్కర్లేదని తేలుతుంది.

2. మొదటి విడత: ఒకే సంగతి రెండు చోట్ల

ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో దాని సారం నాలుగైదు మాటల్లో రాయండి. రెండు పేరాలకు ఒకే సారం వస్తే ఒకటి పోవాలి. పేరు, అంకె, ఉదాహరణ ఉన్న పేరాను ఉంచండి. ఒట్టి అభిప్రాయం ఉన్నదాన్ని తీసేయండి.

పరీక్ష వ్యాసాల్లో ఇది బాగా కనిపిస్తుంది. "నీటి పొదుపు అవసరం" అని మొదటి పేరా. "నీటిని వృథా చేయరాదు" అని రెండోది. "ప్రతి బొట్టూ విలువైనదే" అని మూడోది. మూడూ ఒకటే మాట. మొదటిది ఉంచి మిగతా రెండు చోట్లా ఇంకుడు గుంత ఎక్కడ తవ్వాలో, కారే కుళాయిని ఏం చేయాలో, బిందు సేద్యం ఏ పంటకు నప్పుతుందో రాస్తే వ్యాసం ముందుకు నడుస్తుంది.

వాక్యాల మధ్య అయితే "అంటే", "అనగా", "ఇంకోలా చెప్పాలంటే" అన్నచోట్ల ఆగండి. వాటికి అటూ ఇటూ ఉన్న వాక్యాలను పోల్చి, సులువుగా తెలిసేది ఉంచండి. రెండోది రాయాలనిపించిందంటే మొదటిది సరిగ్గా కుదరలేదన్నమాట. కాబట్టి ఎక్కువసార్లు పోవాల్సింది మొదటిదే.

3. రెండో విడత: క్రియను నిలబెట్టడం

అయిదు విడతల్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. వ్యవధి తక్కువైతే ఇదొక్కటి చేసినా చాలు.

రాసింది కంప్యూటర్‌లోనో ఫోనులోనో ఉంటే "జరిగింది", "జరుగుతుంది", "బడింది", "బడుతుంది", "టువంటి" అని ఒక్కొక్కటే వెతికి, దొరికిన ప్రతిచోటా ఆగండి.

'-డం జరిగింది'

- మరమ్మతులు చేయడం జరిగింది → మరమ్మతులు చేయించాం
- మంత్రి చెప్పడం జరిగింది → మంత్రి చెప్పారు
- కోరడం జరుగుతుంది → కోరుతున్నాం

'చేయు' క్రియ. దానికి '-డం' చేర్చగానే 'చేయడం' అనే నామవాచకం అవుతుంది. వాక్యానికి క్రియ లేకుండా పోతుంది కాబట్టి 'జరిగింది'ని అరువు తెస్తాం. ఉన్న క్రియను పడుకోబెట్టి కొత్తదాన్ని పిలవడం ఇది. పైగా ఎవరు చేశారన్నది మాయమవుతుంది. "చేయించాం" అన్నప్పుడు ఆ పని మాదే అని ఒప్పుకున్నట్టు. అర్జీకి వచ్చే జవాబుల్లో ఈ 'జరిగింది' చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది ఇందుకే. అడిగినవాడికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియదు.

'జరిగింది' మాట తప్పు కాదు. పెళ్ళి జరిగింది, ప్రమాదం జరిగింది, అన్యాయం జరిగింది, ఇవన్నీ సరైనవే. గుర్తు ఒక్కటే: దానికి ముందు '-డం' ఉంటే మార్చండి, లేకపోతే వదిలేయండి.

'బడు'

'మార్చబడింది' వంటి రూపాలతో చెప్పే కర్మణి ప్రయోగం మన వ్యాకరణంలో ఉంది, మాటల్లో మాత్రం చాలా అరుదు. పని చేసింది ఎవరో తెలియనప్పుడు తెలుగువాళ్ళు "రోడ్డు వేశారు", "దొంగను పట్టుకున్నారు" అని బహువచన క్రియ వాడతారు. లేదా దానంతట అదే జరిగినట్టు చెప్పే క్రియను ఎంచుకుంటారు. తెంచు–తెగు, మార్చు–మారు, దించు–దిగు వంటి జంటలు ఉన్నది అందుకే. "ధరలు మార్చబడినవి" అక్కర్లేదు, "ధరలు మారాయి" చాలు.

మన నోటీసులో ఇంకో పొరపాటు ఉంది. "గ్రంథాలయాన్ని... చేయబడుతుంది" అన్నారు. కర్మణి వాక్యంలో కర్మకు 'ని' రాదు, "గ్రంథాలయం" అనే ఉండాలి. అలవాటు లేని నిర్మాణం వాడితే జరిగేది ఇదే. "మళ్ళీ తెరుస్తున్నాం" అంటే ఆ చిక్కే రాదు.

'-టువంటి', 'ఏదైతే'

'చేసిన', 'ఉన్న', 'వచ్చే' క్రియ నుంచి పుట్టిన విశేషణాలు. వీటిని క్రియాజన్య విశేషణాలంటారు. "వచ్చే నెల"లో 'వచ్చే' తన పని తానే చేసుకుంటుంది. "వచ్చేటువంటి నెల" అంటే కొత్త అర్థమేమీ చేరదు. టీవీ చర్చలో మాట్లాడేవాళ్ళకు ఈ 'టువంటి' ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. రాసేవాళ్ళకు ఆ వ్యవధి ఎలాగూ ఉంది.

"ఏదైతే ఈ పథకం ఉందో దాన్ని" అనేదీ ఇలాంటిదే. "ఈ పథకాన్ని" అంటే చాలు.

నామం పక్కన క్రియ

"పరిశీలన చేశారు" అంటే "పరిశీలించారు". "ప్రకటన చేశారు" అంటే "ప్రకటించారు". ఇక్కడ అన్నీ ఒకే గాటన కట్టకండి. "దర్శనం చేసుకున్నారు"ను "దర్శించారు" చేస్తే గుడికి వెళ్ళినట్టుండదు, ప్రదర్శన చూసినట్టుంటుంది.

4. మూడో విడత: కర్తను ఎక్కడ వదలాలి, ఎక్కడ ఉంచాలి

క్రియ చివర చూడండి:

- వచ్చాను: నేను
- వచ్చాం: మేము, మనం
- వచ్చావు: నువ్వు
- వచ్చారు: మీరు, వాళ్ళు, ఆయన, ఆవిడ
- వచ్చాడు: అతను
- వచ్చింది: ఆమె, అది
- వచ్చాయి: అవి

మొదటి మూడింట్లో కర్తను వదిలేసినా సందేహం రాదు. 'వచ్చారు', 'వచ్చింది' దగ్గర మాత్రం ఎవరో తేలదు. పేరాలో ఇద్దరు ఆడవాళ్ళుంటే పేరు మళ్ళీ చెప్పాల్సిందే. అది పునరుక్తి కాదు.

మరికొన్ని రూపాల్లో పురుష, అంటే చేసింది ఎవరో చెప్పే గుర్తు, అసలే ఉండదు. "రాలేదు" చూడండి. నేను, నువ్వు, వాళ్ళు, ఎవరికైనా అదే రూపం. "వెళ్ళాలి", "తెలుసు", "వద్దు", "చేయొచ్చు" కూడా అంతే. వీటి ముందు కర్తను తీసేస్తే వాక్యం గాల్లో వేలాడుతుంది. తెలంగాణ మాటలో రాసేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. "పోయిన" అన్నది 'నేను వెళ్ళాను' అనే అర్థంలో క్రియ కావచ్చు, "పోయిన ఏడు"లోలాగా విశేషణమూ కావచ్చు. మాట్లాడేటప్పుడు గొంతు తేడా చెబుతుంది. కాగితం మీద చెప్పేది 'నేను' ఒక్కటే, దాన్ని ఉంచండి.

ఇక ఒకే కర్త వరుసగా వచ్చే వాక్యాలు. "నేను పొద్దున్నే లేచాను. నేను స్నానం చేశాను. నేను బడికి వెళ్ళాను." ఇలాంటివి కలపడానికే వాక్యాన్ని ముగించని అసమాపక క్రియలున్నాయి.

- లేచి, చేసి: ముందు ముగిసిన పని (క్త్వార్థకం)
- నవ్వుతూ, నడుస్తూ: అదే సమయంలో సాగే పని (శత్రర్థకం)
- వస్తే: షరతు (చేదర్థకం)
- వచ్చినా: అడ్డున్నా ఆగని పని (అప్యర్థకం)

"పొద్దున్నే లేచి, స్నానం చేసి బడికి వెళ్ళాను." వాక్యాన్ని ముగించే ఒక సమాపక క్రియ, దాని ముందు అసమాపకాలు ఉన్న ఈ వాక్యమే బడిలో చెప్పే సంశ్లిష్ట వాక్యం. మార్కుల కోసం నేర్చుకున్న ఆ పాఠం అసలు ఉపయోగం ఇక్కడుంది.

రెండు జాగ్రత్తలు. 'చేసి' రూపం వాడితే రెండు పనులకూ కర్త ఒకరే కావాలి. "నేను బస్సు దిగి వాన మొదలైంది" కుదరదు, "నేను బస్సు దిగగానే వాన మొదలైంది" అనాలి. ఒకటి రెండోదానికి కారణమైతే మాత్రం భాష ఒప్పుకుంటుంది: "వాన కురిసి చెరువు నిండింది." రెండో జాగ్రత్త, 'లేచి, తోమి, తిని, వెళ్ళి, చూసి' అని మూడు దాటనివ్వకండి. అక్కడ వాక్యం విరిచేయండి.

5. నాలుగో విడత: ఒకే పనికి రెండు గుర్తులు

ఇక్కడ నెమ్మదిగా నడవాలి. ఒక్కో జంటలో ఏది తీయాలన్నది మీరు చెప్పదలచుకున్నదాన్ని బట్టి మారుతుంది.

కేవలం... మాత్రమే. "కేవలం 50 రూపాయలు మాత్రమే" అన్నప్పుడు రెండూ ఒకే పని చేస్తున్నాయి. ఒకటి చాలు. రెండింటికన్నా తేలికైనది మన 'ఏ' ప్రత్యయం: "యాభై రూపాయలే", "ఆడవాళ్ళకే". రుసుము చెప్పేచోట అదీ అక్కర్లేదు. అది తక్కువో ఎక్కువో చదివేవాళ్ళు చూసుకుంటారు.

సుమారు... వరకు. ఇవి నిజానికి వేర్వేరు. "సుమారు వంద మంది" అంటే అంచనా. "వంద మంది వరకు పడతారు" అంటే పైహద్దు. రెండూ కలిపితే మీ దగ్గర ఉన్నది అంచనానా, హద్దా అన్నది తెలియదు. మన నోటీసులో పుస్తకాలది అంచనా. కాబట్టి 'వరకు' పోతుంది.

ప్రతి... ఇంటింటికీ. 'ఇంటింటికీ' అనగానే ఒక్కో ఇంటికీ అన్న అర్థం వచ్చేసింది. "ఇంటింటికీ" అనండి, లేదా "ప్రతి ఇంటికీ" అనండి. "ప్రతి ఏటేటా", "ప్రతి ఒక్కరూ అందరూ" ఇదే కోవ.

ఎందుకంటే... కాబట్టి. "రాలేకపోయాను, ఎందుకంటే వాన పడింది కాబట్టి." కారణానికి రెండు గుర్తులు. "వాన పడటంతో రాలేకపోయాను" అంటే రెండూ పోతాయి.

నేనూ కూడా. దీర్ఘంలోనే 'కూడా' ఉంది. "నేనూ వస్తా" లేదా "నేను కూడా వస్తా". 'మరియు' సంగతీ ఇంతే. "అన్న మరియు తమ్ముడు వచ్చారు" అని తెలుగింట్లో ఎవరూ అనరు, "అన్నా తమ్ముడూ వచ్చారు" అంటారు. "అన్నా మరియు తమ్ముడూ కూడా" అంటే ఒక్క పనికి మూడు గుర్తులు.

యొక్క. ఇల్లు–ఇంటి, ఊరు–ఊరి, ఏరు–ఏటి, చేయి–చేతి. చివర వచ్చే ఈ ఇ, టి, తి అక్షరాలనే ఔపవిభక్తికాలంటారు. సంబంధం చెప్పడానికి అవి సరిపోతాయి. "ఇంటి యొక్క తలుపు"లో సంబంధం చెప్పే షష్ఠీ విభక్తి రెండుసార్లు వచ్చింది. సంస్కృత మాటలైతే సమాసం చేయండి: గ్రంథాలయం యొక్క భవనం → గ్రంథాలయ భవనం. వారం రోజులు 'యొక్క' లేకుండా రాయండి, అది ఎంత తక్కువగా అవసరమో మీకే తెలుస్తుంది.

నలుగురు మంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు, ఇవన్నీ మనుషుల లెక్కలే. ఇప్పటి వాడుకలో 'మంది' మామూలుగా ఎనిమిది నుంచే వస్తుంది. "ముగ్గురు వ్యక్తులు గాయపడ్డారు" అన్నచోటా "ముగ్గురు గాయపడ్డారు" చాలు.

బుక్స్‌లు, రూల్స్‌లు. ఇంగ్లీషు బహువచనం మీద తెలుగు బహువచనం. ఏకవచనం తీసుకుని మన 'లు' చేర్చండి: టికెట్లు, బస్సులు, రూళ్ళు. కొందరికి 'రూల్సు' అలవాటు, అదీ సరే. రెండు బహువచనాలు మాత్రం వద్దు.

అంటూ పేర్కొన్నారు. "అన్నారు". అంతే.

అంకెలు, తేదీలు. 'రూ.' పెడితే 'రూపాయలు' వద్దు. 'ఉదయం' అన్నాక 'ఏ.ఎం.' వద్దు. "2024వ సంవత్సరంలో" బదులు "2024లో". "సోమవారం రోజున" బదులు "సోమవారం". "కార్తీక మాసం నెలలో" అని కూడా రాస్తున్నారు, 'మాసం' అన్నా 'నెల' అన్నా ఒకటే.

6. అయిదో విడత: సంస్కృత మాటల్లో, పొట్టిపేర్లలో దాగిన అర్థం

మాట గంభీరంగా ఉందని వాడి, దాని అర్థం మీద నమ్మకం చాలక పక్కనే తెలుగు మాట పెడుతుంటాం. మాటను విడదీస్తే ఇది బయటపడుతుంది.

- స- అంటే 'తో కూడిన'. 'సకుటుంబ'లోనే 'తో' ఉంది, 'సమేత' కూడా అదే. "సకుటుంబంగా" లేదా "కుటుంబ సమేతంగా" అనాలి. శుభలేఖల్లో "సకుటుంబ సపరివార సమేతంగా" పాతుకుపోయింది. పెద్దవాళ్ళు అలాగే కావాలంటే గొడవ పడకండి, మిగతా చోట్ల సరిగ్గా రాయండి.
- సవినయపూర్వకంగా: 'స', 'పూర్వక' రెండూ ఒకటే పని. "సవినయంగా" లేదా "వినయపూర్వకంగా".
- పునః అంటే మళ్ళీ. "తిరిగి పునఃప్రారంభం"లో 'తిరిగి' అదనం. ఒకసారి పునఃప్రారంభమై, మూతపడి, ఇంకోసారి తెరిస్తే మాత్రం "మళ్ళీ పునఃప్రారంభం" న్యాయమే.
- ఆద్యంతం అంటే మొదలూ చివరా. "ఆద్యంతం మొదటి నుంచి చివరి దాకా" అనక్కర్లేదు.
- యథాతథంగా, నిరాటంకంగా: వీటి పక్కన "ఉన్నది ఉన్నట్టు", "ఆటంకం లేకుండా" చేర్చకండి.
- గరిష్ఠ, కనిష్ఠ, శ్రేష్ఠ: చివరి 'ఇష్ఠ'కు అర్థమే 'అన్నిటికన్నా'. "అత్యంత గరిష్ఠ ఉష్ణోగ్రత" అన్నప్పుడు 'అత్యంత' తీసేయండి.
- ఆత్మకథ తన కథే. "స్వీయ ఆత్మకథ" వద్దు.
- త్రిమూర్తులు, పంచపాండవులు: అంకె లోపలే ఉంది. "త్రిమూర్తులు ముగ్గురూ" కన్నా "త్రిమూర్తులు".
- నదీ జలాల నీరు, భూగర్భ జల నీటిమట్టం: జలం, నీరు ఒకటే. "నదీ జలాలు", "భూగర్భ నీటిమట్టం".

ఇంగ్లీషు పొట్టిపేర్లలో చివరి అక్షరం చూడండి. ఏటీఎంలో 'ఎం' మెషీనే, "ఏటీఎం మెషీన్" అనక్కర్లేదు. హెచ్‌ఐవీలో 'వీ' వైరస్. పీడీఎఫ్‌లో 'ఎఫ్' ఫార్మాట్. ఓటీపీలో 'పీ' పాస్‌వర్డ్. పిన్‌లో చివరి అక్షరం నంబరే కాబట్టి "పిన్ నంబర్" కూడా ఇదే జాతి. అయితే తెలుగులో 'పిన్' అంటే గుండుసూది కూడా కాబట్టి, బ్యాంకుకు కొత్తగా వచ్చే పెద్దవాళ్ళ కోసం రాసే సూచనల్లో దాన్ని ఉంచమనే చెబుతాను.

7. ముట్టుకోకూడనివి

ఇంతదాకా వచ్చినవాళ్ళకు కత్తెర చేతికి అలవాటవుతుంది, అక్కర్లేనిచోటా ఆడుతుంది. రెండుసార్లు వచ్చిన ప్రతి మాటా పునరుక్తి కాదు. తెలుగు రెట్టింపుతో కొత్త అర్థం పుట్టించే భాష.

మాట రెట్టించడం. "ఎవరు వచ్చారు?" అంటే ఒకరు కావచ్చు. "ఎవరెవరు వచ్చారు?" అంటే పలువురు వచ్చారని తెలిసి అడగడం. "వేడివేడి ఇడ్లీ"లో వేడితోపాటు ఇప్పుడే దించారన్న ఆశ ఉంది. "నిలబడి నిలబడి కాళ్ళు లాగాయి"లో ఎంతసేపో అంకె చెప్పకుండానే తెలుస్తుంది. రెట్టించిన మాటలో రెండోదాన్ని ఆమ్రేడితం అంటారు. మొదట మొదట 'మొట్టమొదట' అయింది, చివర చివర 'చిట్టచివర' అయింది, కడ కడ 'కట్టకడ' అయింది. వీటిని కోయకండి.

జంటపదాలు. ఇల్లూ వాకిలీ, కూడూ గుడ్డా, గొడ్డూ గోదా, పనీ పాటా, చెట్టూ చేమా. ఒక్కటి తీస్తే అర్థం చిన్నదైపోతుంది. "ఇల్లు పోయింది" వేరు, "ఇల్లూ వాకిలీ పోయాయి" వేరు. "పుస్తకం గిస్తకం" వంటివి కూడా అంతే, 'అలాంటివన్నీ' అనే అర్థం 'గిస్తకం'లో ఉంది.

కావాలని చేసే పునరుక్తి. "ఆపదలో నిలబడిన స్నేహితుడే స్నేహితుడు." మొదటి 'స్నేహితుడు' మనిషి, రెండోది ఆ పేరుకు తగిన గుణం. అలంకారశాస్త్రం దీన్ని లాటానుప్రాసం అంటుంది.

ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు. పాలేరులో 'ఏరు' ఉంది, సింహాచలంలో కొండ అనే అర్థమున్న 'అచలం' ఉంది. అయినా "పాలేరు నది", "సింహాచలం కొండ" అంటాం. పేరు పేరే. అదే పేరుతో ఊరో నియోజకవర్గమో ఉన్నప్పుడు ఆ రెండో మాటే దారి చూపిస్తుంది.

డబ్బు, చట్టం, ప్రమాదం. చెక్కు మీద "ఐదు వందల రూపాయలు మాత్రమే" అని రాయడమే మంచిది. ఆ 'మాత్రమే' తర్వాత ఇంకెవరూ ఏమీ చేర్చకుండా కాపలా. దస్తావేజులో దాన, విక్రయ, వినిమయ హక్కులు పక్కపక్కన కనిపిస్తే అవి పర్యాయపదాలు కావు, ఇవ్వడం, అమ్మడం, మార్చుకోవడం. పురుగుమందు డబ్బా మీద హెచ్చరిక రెండు చోట్ల ఉంటే రెండు చోట్లా ఉండనివ్వండి.

8. దిద్దేవాళ్ళు చేసే పొరపాట్లు, సవరణలు

పర్యాయపదాల మోజు. 'చెరువు' అన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తోందని రెండో వాక్యంలో 'తటాకం', మూడో దాంట్లో 'జలాశయం' అంటారు. చదివేవాడికి మూడు చోట్లు అనిపిస్తుంది. వస్తువు ఒకటైతే మాట ఒకటే ఉండాలి. విసుగు తగ్గాలంటే 'అది', 'అందులో', 'అక్కడ' వాడండి, లేదా వాక్యాలు కలపండి. పునరుక్తికి మందు పర్యాయపదం అనుకోవడం బడిలోనే అంటుకునే అలవాటు, వదిలించుకోవడం కొంచెం కష్టం.

మర్యాదను కోయడం. "దయచేసి", "గారు", "అండీ" అర్థానికి అక్కర్లేనట్టు కనిపిస్తాయి. తీసేసి ఎవరికైనా చదివి వినిపించండి, ఆజ్ఞలా వినబడుతుంది. ఒక వాక్యానికి ఒక మర్యాద గుర్తు ఉంచండి. "సవినయంగా", "దయచేసి", "ప్రార్థిస్తున్నాం" మూడూ ఒకేచోట అయితే ఒకటి చాలు.

సంభాషణను దిద్దడం. కథలో పాత్ర "అదే మరి, అదే చెప్తున్నా" అంటే అది ఆ మనిషి గొంతు. కథకుడి వాక్యాలు బిగించండి, పాత్రల మాటలు వదిలేయండి. మాండలికంలోని 'మల్ల', 'మరేమో' లాంటివి కూడా అదనపు సరుకు కాదు.

అన్నీ పొట్టి వాక్యాలు చేయడం. పునరుక్తి పోయాక వాక్యం పొడుగ్గా ఉన్నా ఫర్వాలేదు. బిగువుగా ఉన్న పొడుగు వాక్యాన్ని ముక్కలు చేస్తే ప్రతి ముక్కకూ కర్త కావాల్సి వస్తుంది, పునరుక్తి వెనక్కి వస్తుంది.

9. పక్కన పెట్టుకోవాల్సిన చెక్‌లిస్టు

- రెండు పేరాలకు ఒకే సారం ఉందా?
- '-డం జరిగింది', 'బడు', 'టువంటి' మిగిలాయా?
- 'నేను', 'మేము' వరుస వాక్యాల్లో ఉన్నాయా? 'రాలేదు', 'వెళ్ళాలి' వంటి రూపాల దగ్గర కర్త ఉందా?
- 'చేసి' రూపానికీ చివరి క్రియకూ కర్త ఒకరేనా?
- కేవలం–మాత్రమే, సుమారు–వరకు, ప్రతి–ఇంటింటికీ, ఎందుకంటే–కాబట్టి కలిసి వచ్చాయా?
- 'యొక్క', 'మరియు' లేకుండా వాక్యం నిలబడుతుందా?
- స-, పునః, -ఇష్ఠ ఉన్న మాటల పక్కన అదే అర్థం ఉందా?
- జంటపదాన్నో, రెట్టించిన మాటనో పొరపాటున కోశామా?
- పైకి చదివితే మర్యాద నిలిచిందా?

10. దిద్దాక మన నోటీసు

"మూడు నెలలుగా మూతబడిన మన గ్రంథాలయ భవనానికి మరమ్మతులు చేయించాం. సోమవారం ఉదయం 10 గంటలకు మళ్ళీ తెరుస్తున్నాం. అందరూ కుటుంబ సమేతంగా రావాలని కోరుతున్నాం. గ్రంథాలయంలో సుమారు రెండు వేల పుస్తకాలున్నాయి. సభ్యత్వ రుసుము 50 రూపాయలు."

అంకెలతో కలిపి 51 మాటలు 28 అయ్యాయి. 'గత' కూడా పోయింది, "నెలలుగా" అన్నదాంట్లో అది ఉంది. "తెలియజేయునది ఏమనగా" కూడా పోయింది, గోడ మీద అంటించిందే తెలియజేయడానికి.

ఇప్పుడు చీటీ తీసి పక్కన పెట్టి చూడండి. అదనపు మాటలు అడ్డు తొలిగాక రెండు లోట్లు కనిపిస్తాయి. సోమవారం అన్నారు, తేదీ లేదు. నోటీసు వారం దాటి గోడ మీదే ఉంటే ఏ సోమవారమో ఎవరికీ తెలియదు. రుసుము యాభై అన్నారు, నెలకా ఏడాదికా అన్నది లేదు. రెండూ కనుక్కుని, ఖాళీ అయిన చోటులో రాసి, అప్పుడు అంటించండి.